గూనిది

గోనెసంచిల చుట్టుకొని తెచ్చింది సాలమ్మ,
దేవరకొండ బస్సు దిగి, క్లాక్ టవర్ దాక నడిచి.
బెంచి మీద పెట్టి చేతులు ఎనకకు తీసుకున్నది,
తూకానికి నిలవెట్టిన మేకను ఇడిసినట్టు.
"ఆయన పేరు మీదున్నది.
ఇగ నా పేరుకు మార్చుకోవాల్నో, సర్కారుకు అప్పజెప్పాల్నో.
దీని కిమ్మతు రాయించుకరమ్మన్నరు కచేరిల."

బెల్జియంది. పన్నెండు బోరు. ఐదు తూటాలు పడ్తయ్.
వీపు మీద గూని. ఘోడా గుంజితే
నాళి మొత్తం ఎనకకు ఉరికి, కాలిన గుల్లను కక్కి,
మళ్ల ముందుకొచ్చి నిలవడ్తది.
నా ఎరుకల జిల్లాల ఇసోంటివి మూడే ఉండె.

అద్దాలు పెట్టుకున్న.
పెట్టె మీద ఒక నంబరు, నాళి మీద ఇంకోటి.
ఒక్క తల్లి పిల్లలు కావు.
కుందా అక్రోటుది, అసలుదే,
మడిమె కాడ ట్రాక్టరు ట్యూబు ముక్క, చెప్పుల మేకులు కొట్టి.
ముందుచెక్క నల్లమద్ది.
చింతపల్లి వడ్లాయన బాడిశెతోటి చెక్కిండట,
నాగలికి చెక్కినంత ఇష్టంగ, అంతే మొద్దుగ.
ఘోడా కింది పేచు కుట్టుమిషనుది.
తూటాలను నూకే కమాను
పత్తికి మందుగొట్టే పంపుది, ఇంకా వాసనొస్తున్నది.

"ఎవడమ్మా దీన్ని ముట్టుకున్నది?
చెయ్యా అది, చెప్పుకాలా?"
ఆమె గోడకున్న క్యాలెండరు దిక్కు చూసింది.

ముందుచెక్క ఊడదీసిన.
"అది మూడోది" అన్నది. "రెండు పలిగినయ్.
పందుల మీద కొట్టినప్పుడల్లా గట్లనే.
చెక్క పలిగేది, ఆయన భుజం కమిలేది.
ఆముదం రాసి, ఇటుకపెల్ల కాగవెట్టి కాపుదును.
గూనిదాని గుణమే అంత, అనేటోడు.
పల్లిచేను పీకిందాక ఎడమపక్కకే పండుకునేటోడు."

నా చెయ్యి ఆగింది.

కమాను అడుగున ఇనుప రింగు.
చిన్న తూటాకైతే అడుగున ఉండాలె.
పందిని గొట్టే తూటాకు అది మీదికి రావాలె,
కమానుకూ ఇత్తడి కట్టుకూ నడుమ.
అక్కడుంటేనే నాళి ఉరుకుడుకు పగ్గం.
లేకుంటే దెబ్బంత చెక్కకు,
చెక్క సరిపోకుంటే మనిషికి.

రింగు అంచుకు ఆకురాయి గీతలు మూడు,
ఒకటి వంకర.
యాకూబ్ ఉస్తాద్ మొదటిసారి చేతికి ఆకురాయి ఇచ్చిన ఏడు
నేను గీసుకుంటుండిన గుర్తు.
పదహారేండ్లోణ్ణి. సగం బిగించి
మ్యాట్నీకి ఉరికిన దినాలు.
ఆ తర్వాత ముట్టుకున్నోళ్లంత పైపైనే ముట్టుకున్నరు.
ఇంత లోతుకు దిగింది నేనొక్కణ్ణే.

ముప్పై ఎనిమిదేండ్లు.
ఏడాదికి ఎన్ని పందులు, పందికి ఎన్ని తూటాలు...
ఆ లెక్క ఆడనే ఆపిన.

రింగును కిరసనాయిలుల కడిగి మీదికి తెచ్చిన.
చిటికెల పని.
నిజంగనే చిటికెల పని.

"ఎంత జేస్తది బిడ్డా?"
నాకంటె నాలుగైదేండ్లు పెద్దదేమో, అంతే.
ఫారం తీసిన.
నాళి: వేరే నంబరు. ముందుచెక్క: నాటుది.
కమాను, పేచు: దీనివి గావు.
కిమ్మతు: నాలుగువేలు, అది గూడ కుందా మొకం జూసి.
రింగు: తప్పు తావుల ఉండె, సరిజేసినం.
తప్పు ఎవరిదన్న గడి ఫారంల లేదు.
స్కేలు వెట్టి ఒకటి గీసిన.
గీసి, పెన్ను పట్టుకొని కూసున్న.

ఆమె కొంగుముడి ఇప్పుతున్నది.
"కూలి?"
"ఏం లేదమ్మా."
"ఉత్తగ వద్దు. ఆయన ఎవ్వనికీ బాకీ ఉంచలే."

ఇరవై నోటు, నాలుగు మడతలు.
బెంచి మీద పరిచి అరచేత్తోటి సాపుజేస్తున్న,
జేస్తనే ఉన్న.
ఆమె బస్సుకు పొద్దువోతున్నది.